బోనాలు తెలిసిన పిల్లలకు అపోలో

ఏడో తరగతికి గ్రీకు దేవతల పాఠం అనగానే చాలా క్లాసుల్లో ముందు బోర్డు మీద ఒక పట్టిక పడుతుంది. జ్యూస్ ఆకాశానికి, పొసైడన్ సముద్రానికి, హేడిస్ పాతాళానికి, ఆరీస్ యుద్ధానికి. పిల్లలు రాసుకుంటారు, జతపరచమంటే జతపరుస్తారు. ఆ పట్టిక నాకు అస్సలు నచ్చదు. అది చదివితే శాఖలు పంచుకున్న మంత్రివర్గంలా ఉంటుంది తప్ప, ఈ దేవతలకు ఒకప్పుడు మనుషులు నిజంగా భయపడ్డారనీ, మొక్కారనీ, ఆకలితో ఉన్నా ముందు వాళ్లకే పెట్టారనీ తెలియదు. వీడియో గేముల్లో కండలు తిరిగిన జ్యూస్‌ని చూసి వచ్చే పిల్లలకు ముందు తెలియాల్సింది అదే.

నేను చెప్పేది సికింద్రాబాద్‌లోని ఒక బడిలో. మా క్లాసులో లష్కర్ బోనాలకు ఇంట్లో బోనం ఎత్తేవాళ్ల పిల్లలు చాలామంది. అందుకే ఆషాఢంలో ఈ పాఠం పడితే జ్యూస్‌ని పక్కనపెట్టి అపోలోతో మొదలుపెడతాను.

అపోలో అంటే ఏంటని అడిగితే క్లాసంతా ఒకేసారి ‘ఆసుపత్రి’ అంటుంది. నిజమే, ఆయన వైద్యానికి దేవుడు. డాక్టర్లు చేసే ప్రమాణం పాత గ్రీకు రూపంలో మొదలయ్యేదే అపోలో పేరుతో. ఆ తర్వాత ఆయన కొడుకు అస్క్లీపియస్ పేరు వస్తుంది. అయితే గ్రీకు కవి హోమర్ కావ్యం ఇలియడ్ మొదట్లో కనిపించే అపోలో రోగం తగ్గించడు, రోగం తెస్తాడు. క్రిసెస్ అనే ముసలి పూజారి కూతురిని గ్రీకు సైన్యం ఎత్తుకుపోతుంది. విడిపించుకుందామని కానుకలు పట్టుకుని వెళ్తే ఆ సైన్యం నాయకుడు అగమెమ్నాన్ అవమానించి తరిమేస్తాడు. ముసలాయన సముద్రం ఒడ్డున ఒంటరిగా నడుస్తూ అపోలోను పిలుస్తాడు. ఆ దేవుడు ‘రాత్రిలా’ దిగివస్తాడు అంటాడు హోమర్. తొమ్మిది రోజులు బాణాలు. ముందు కంచర గాడిదలు, కుక్కలు చస్తాయి, తర్వాత మనుషులు. చితులు ఆరకుండా మండుతూనే ఉంటాయి. చివరికి పిల్లను తిరిగి పంపి, నూరు ఎడ్ల బలి ఇచ్చి, పగలంతా పాటలు పాడితే గానీ ఆయన శాంతించడు.

రోగం తెచ్చేదీ తీసేదీ ఒకే దేవుడు ఎలా అవుతాడని వేరేచోట పిల్లలు అడుగుతారేమో, మా దగ్గర ఎవరూ అడగరు. ఒంటి మీద పొక్కులు లేస్తే అమ్మవారు పోసిందని ఇంటి గుమ్మానికి వేపమండలు కట్టడం వాళ్లు చూసినదే. లష్కర్ బోనాల కథే 1813 నాటి గత్తరతో (కలరాతో) మొదలవుతుందని చెప్పుకుంటారు. పల్టన్‌తో ఉజ్జయిని వెళ్లిన సురిటి అప్పయ్య, ఊళ్లో రోగం తగ్గితే మహంకాళిని ఇక్కడ నిలుపుతానని అక్కడి గుడిలో మొక్కుకున్నాడని.

గ్రీసులో అపోలో గుడి ఉన్న డెల్ఫీ దగ్గరికి వచ్చేసరికి క్లాసు నా చేతిలో ఉండదు. అపోలో గుడి లోపలి గదిలో పిథియా అనే స్త్రీ ముక్కాలి పీట మీద కూర్చుంటుంది, ఆమె నోట దేవుడు మాట్లాడతాడు అనగానే వెనక బెంచీ నుంచి ‘టీచర్, గిది మన రంగమే!’ అన్న కేక. బోనాల మర్నాడు సోమవారం పచ్చికుండ మీద నిలబడి భవిష్యవాణి చెప్పే ఆవిడను వాళ్లు నాన్నల భుజాల మీద కూర్చుని చూశారు మరి.

ఇంకో సంగతి మాత్రం నేనే చెబుతాను. గ్రీకు రచయిత ప్లూటార్క్ స్వయంగా డెల్ఫీలో పూజారి. ఆయన రాసినదాన్ని బట్టి, ప్రశ్న అడిగే ముందు మేక మీద చన్నీళ్లు పోసేవారు. అది గిట్టల నుంచి పైదాకా ఒళ్లంతా వణికితేనే దేవుడు ఒప్పుకున్నట్టు. ఒకసారి మేక కదలలేదు. వచ్చినవాళ్లు పరదేశం దూతలు, పూజారులు మొహమాటపడి నిలువునా తడిపి బలవంతాన వణికించారు. ఇష్టం లేకుండానే లోపలికి దిగిన పిథియా గొంతు మారిపోయి, కేకపెట్టి బయటికి పరుగెత్తి, కొద్దిరోజులకే చనిపోయింది. ఇది విన్నప్పుడు మా పిల్లలు కదలరు. పసుపునీళ్లు చల్లాక బలికి తెచ్చిన యాట ఒళ్లు జాడించేదాకా పెద్దవాళ్లు ఊపిరి బిగబట్టి చూడటం వాళ్లకు తెలుసు.

అలాగని అది ఇక్కణ్నుంచి పోయిందనో, ఇది అక్కణ్నుంచి వచ్చిందనో చెప్పను, ఎవరైనా చెప్పినా ఒప్పుకోను. తేడాలూ అంతే శ్రద్ధగా చూపిస్తాను. పిథియా గుడి లోపల మాట్లాడేది. రంగం వేలమంది ఎదుట. డెల్ఫీలో రాజ్యాలు యుద్ధం గురించి అడిగితే, మామూలు మనుషులు పెళ్లి గురించీ సంతానం గురించీ అడిగేవారు. రంగంలో అడిగేది ఊరందరి వానల కోసం, పంటల కోసం. అన్నిటికన్నా నాకిష్టమైన తేడా క్రిసెస్ ప్రార్థనలో ఉంది. ‘నీ గుడికి కప్పు వేశాను, ఎడ్లవీ మేకలవీ తొడలు కాల్చి నీకిచ్చాను, ఇప్పుడు నా మాట చెల్లించు’ అంటాడు. ఇచ్చింది ముందు, అడిగేది తర్వాత. మా పిల్లల ఇళ్లలో మొక్కు దానికి తిరగేసి ఉంటుంది: ముందు కోరిక, తీరాక చెల్లింపు.

మరి ఇప్పుడు అపోలోకు ఎవరు పెడుతున్నారని ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు అడుగుతారు. క్రీ.శ. 391, 392లో రోమన్ చక్రవర్తి థియోడోసియస్ బలులనూ గుడి పూజలనూ నిషేధించాడని, డెల్ఫీలో ఇప్పుడు మిగిలినవి స్తంభాలూ రాళ్లేనని, ఈమధ్య గ్రీసులో కొద్దిమంది మళ్లీ ఆ పూజలు మొదలుపెట్టారని చెబుతాను. ఆ జవాబు వాళ్లకు సరిపోదు. ఒక్క ఉత్తర్వుతో పండగ ఎలా ఆగిపోతుందని వాదిస్తారు. వాదించనివ్వాలి. ఆగడానికి తరాలు పట్టిందన్న సంగతి అప్పుడే చెప్పే వీలు దొరుకుతుంది.

జతపరచండి బదులు నేనిచ్చే హోంవర్క్ ఇది: క్రిసెస్ ఏమిచ్చాడు, ఏమడిగాడు రాయండి, మీ ఇంట్లో పెద్దవాళ్లను ఒక మొక్కు గురించి అడిగి దాని పక్కనే రాయండి. మొన్న ఒక బాబు వాళ్ల నానమ్మను అడిగి రాసుకొచ్చాడు. కొడుకుకు జ్వరం తగ్గితే యాటను ఇస్తానని ఆమె మొక్కిందట. జ్వరం తగ్గింది, చేతిలో డబ్బు లేదు. రెండు మూడేళ్లు బోనాలకు వెళ్లి అమ్మవారికి ధారగా సాక పోసి, వచ్చే ఏడు తప్పకుండా ఇస్తానమ్మా అని గడువు అడిగి వచ్చేదట. కింద పెన్సిల్‌తో, ‘క్రిసెస్ దగ్గర డబ్బులు లేకపోతే అపోలో గడువు ఇచ్చేవాడా?’ అని రాశాడు. పదికి పది వేసి, ఆ ప్రశ్న బోర్డు మీదకెక్కించాను.