బురదనీళ్లు తేరాలంటే: పటిక కొలత, కలిపే తీరు, వంపే తీరు

నాలుగు గట్టి వానలు పడితే చాలు, ఏటూరునాగారం, మంగపేట వైపు గోదావరి ఎర్రబారుతుంది. ఊళ్లలో చెరువులు, కుంటలు బురదెక్కుతాయి. ఎక్కడన్నా పైపు పగిలితే నల్లాలోనూ అవే నీళ్లు. వాటిని పట్టి రాత్రంతా కదపకుండా ఉంచితే కొన్నిసార్లు తెల్లారేసరికి తేరుకుంటాయి, కొన్నిసార్లు మూడు రోజులైనా టీ రంగు పోదు. ఆ మట్టి రేణువు ఎంత సన్నదన్న దాన్నిబట్టే ఈ తేడా.

మిల్లీమీటరులో పదోవంతు ఉండే సన్న ఇసుక అడుగు లోతు నీళ్లలో నిమిషం లోపే దిగిపోతుంది. దానికి పదింతలు సన్నమైన ఒండ్రుకు దాదాపు గంట పడుతుంది. సైజు పదింతలు తగ్గితే దిగే వేగం వందింతలు తగ్గుతుంది మరి. ఇంకో పదింతలు సన్నమైన బంకమట్టి లెక్క ప్రకారం నాలుగు రోజుల్లో దిగాలి, కానీ దిగదు. ఆ రేణువుల మీద రుణావేశం (నెగెటివ్ చార్జి) ఉంటుంది కాబట్టి ఒకదాన్నొకటి నెట్టుకుంటూ నీళ్లలోనే తేలుతుంటాయి. నల్లరేగడి మీదుగా పారిన నీళ్లు మొండికేసేది ఇందుకే. ఇసుక పాలు ఎక్కువున్న చెలక నేలల నీళ్లు తొందరగా తేరతాయి, వాటికి చాలాసార్లు పటిక అక్కరే ఉండదు. ముందు ఒక సీసాలో పట్టి రెండు గంటలు చూడండి.

తేరకపోతే పటిక. అందులోని అల్యూమినియం ఆ ఆవేశాన్ని చల్లారుస్తుంది, మట్టి దూదిపింజల్లా కట్టుకుని బరువెక్కి దిగుతుంది. పటిక గడ్డను బిందెలో నాలుగు చుట్లు తిప్పడం మన ఇళ్లలో అలవాటే, కానీ అలా ఎంత కరిగిందో తెలియదు. అందుకని 10 గ్రాముల పటిక నూరి లీటరు తేట నీళ్లలో కరిగించి పెట్టుకోండి. ఈ ద్రావణంలో ఒక మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాముల పటిక వస్తుంది. కొలవడానికి సూది తీసేసిన 5 మిల్లీలీటర్ల సిరంజి సరిపోతుంది. ఐదు సీసాల్లో ఒక్కో లీటరు చొప్పున ఒకే బురదనీళ్లు పోసి వరుసగా 2, 4, 6, 8, 10 మిల్లీలీటర్లు వేసి చూడండి. అరగంటలో తేరిన సీసాల్లో అన్నిటికంటే తక్కువ పటిక పడ్డదే మీ కొలత. 4 మిల్లీలీటర్ల సీసా తేరితే 20 లీటర్ల బకెట్‌కు 80 మిల్లీలీటర్లు. మళ్లీ పెద్ద వాన పడి రంగు మారితే మళ్లీ చూసుకోవాల్సిందే. ఎక్కువ వేస్తే ఇంకా బాగా తేరుతుందనుకోవడం పొరపాటు. మోతాదు దాటితే రేణువులకు ఈసారి ధనావేశం వచ్చి మళ్లీ విడిపోతాయి, పైగా నీళ్లు వగరెక్కుతాయి.

రేకుల మీంచి పట్టిన వాన నీళ్లలో ఒక్కోసారి పింజ కట్టనే కట్టదు. వాటిలో క్షారత (ఆమ్లాన్ని చల్లార్చే గుణం) దాదాపు ఉండదు, పటికకు అది కావాలి. తమలపాకు సున్నం కాస్త లీటరు నీళ్లలో కలిపి రాత్రంతా వదిలేసి, పైన తేరిన సున్నపు తేటను లీటరు వాన నీళ్లకు చెంచాడు చొప్పున పటికకు ముందు కలపండి.

పటిక ద్రావణం పోశాక ఒక నిమిషం గట్టిగా తిప్పాలి, అది అంతటా కలవడానికి. ఆ తర్వాత పది నిమిషాలు చాలా నెమ్మదిగా, రెండు సెకన్లకు ఒక చుట్టు మించకుండా. పింజలు ఒకదానికొకటి తగిలి పెద్దవయ్యేది ఈ పది నిమిషాల్లోనే. ఇక్కడ తొందరపడి జోరుగా తిప్పితే కట్టినవి చిరిగిపోతాయి, మళ్లీ అంత బాగా కట్టవు. తర్వాత మూత పెట్టి గంట నుంచి రెండు గంటలు నీడలో ఉంచండి. ఒక పక్కే ఎండ తగిలితే ఆ పక్క నీళ్లు వేడెక్కి పైకి లేస్తాయి, మడ్డినీ లేపుతాయి. మోటారు నీళ్లు ఎత్తు నుంచి పట్టిన వెంటనే పటిక వేసినా చిక్కే: గాలి బుడగలు అంటుకుని పింజలు పైకి తేలతాయి. కాసేపు ఆగి వేయండి.

ఇంత చేసి వంపేటప్పుడు పాడుచేసుకునేవాళ్లే ఎక్కువ. మూతి సన్నని బిందె దీనికి పనికిరాదు, వంచగానే గాలి గుటగుటమని లోపలికి పోయి మడ్డి లేస్తుంది. వెడల్పు మూతి బకెట్ మంచిది, అడుగు నుంచి మూడంగుళాల పైన కుళాయి బిగించినదైతే ఇంకా మంచిది. అది లేకపోతే సన్నని పైపు. ఒక కొసను కర్రకు కట్టి, దాని నోరు మడ్డికి మూడు వేళ్ల పైన ఉండేలా దించండి. నోటితో పీల్చకండి. పైపును ముందే శుభ్రమైన నీళ్లతో నింపి, రెండో కొసను వేలితో మూసి, కింద పెట్టిన గిన్నెలోకి వదిలితే చాలు. చేత్తోనే వంచాల్సి వస్తే ఒక్కసారే నెమ్మదిగా వంచుతూ పోవాలి, మధ్యలో నిలబెట్టకూడదు. నిలబెట్టిన ప్రతిసారీ నీళ్లు వెనక్కి ఊగి అడుగును కదిలిస్తాయి. మొదటి మడ్డి చార కనిపించగానే ఆపేయండి. 20 లీటర్లలో రెండు లీటర్లు మిగిలితే మిగలనివ్వండి. వాటిని బట్టలో వడపోసి రాబట్టాలని చూస్తే పింజలు నలిగి దారాల సందుల్లోంచి దూరిపోతాయి. చెట్లకు పోసి బకెట్ కడగడమే మేలు.

పటికకు ముందు మన పెద్దలు వాడింది చిల్లగింజ. దాన్ని కుండ లోపలి గోడకు అరగదీసి నీళ్లు పోసేవారు. ఎండిన మునగ గింజల పొడి కూడా పనిచేస్తుంది, అయితే గింజల పదార్థం నీళ్లలో మిగిలి వాసన వస్తుంది, ఆ నీళ్లు ఒక రోజు దాటితే వాడకూడదు.

తేట నీళ్లన్నీ తాగే నీళ్లు కావు. మడ్డితో పాటు చాలా సూక్ష్మక్రిములు దిగుతాయి గానీ అన్నీ కాదు. తేట వంపుకున్నాక తెర్లనిచ్చి ఒక నిమిషం కాగనివ్వండి, లేదా క్లోరిన్ మాత్రను అట్ట మీద రాసిన కొలత ప్రకారం వేసి అరగంట ఆగండి. బురదనీళ్లలోనే మాత్ర వేస్తే క్లోరిన్‌లో చాలా భాగాన్ని ఆ మట్టే మింగేస్తుంది, క్రిములకు మిగిలేది తక్కువ. ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లకు మాత్రం ఈ కొలతలు చాలవు. ఫ్లోరైడ్ తీయడానికి నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందించిన నల్లగొండ పద్ధతిలోనూ పటికే వాడతారు, కానీ సున్నంతో కలిపి, ఇంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువగా, నీళ్లను పరీక్ష చేయించి ఆ ఫలితాన్నిబట్టి వేస్తారు.