హరాజుకులో అదే గౌను కోసం

"ఉన్న గౌనే మళ్ళీ కొనడానికి ఇంత దూరం వచ్చావా?" అని అడిగింది మా అక్క. "ఉన్నది గులాబీ రంగుదక్కా, నాక్కావాల్సింది లేత నీలం" అన్నాను. బావగారు ఇడ్లీ తింటూ నవ్వారు. వాళ్ళుండేది టోక్యోలోని నిషికసాయ్. మన సాఫ్ట్‌వేర్ కుటుంబాలు చాలా ఉన్న పేట కాబట్టి అక్కడ కందిపప్పుకీ చింతపండుకీ లోటు లేదు. నా గౌను కోసం మాత్రం తోజాయ్ మెట్రో లైన్ ఎక్కి, ఓతెమాచిలో చియోదా లైన్‌కి మారి, మెయిజి జింగుమాయె స్టేషన్ దాకా పోవాలి. మెట్లెక్కి పైకొస్తే హరాజుకు, కుర్రకారు ఫ్యాషన్‌కి పేరుపడ్డ పేట. నా గౌను లోలిటా ఫ్యాషన్‌ది.

ఆ ఫ్యాషన్ గురించి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. ఆ పేరున్న నవలని గుర్తు తెచ్చుకుని ఇంకేదో ఊహించుకోకండి. మోకాళ్ళ దాకా ఉబ్బుగా ఉండే గౌను, అది ఉబ్బడానికి లోపల క్యాన్‌క్యాన్, మెడ దాకా గుండీలున్న బ్లౌజు, మేజోళ్ళు, తలకి పెద్ద బో. పాతకాలం యూరప్ పిల్లల బట్టల్ని చూసి, జపాన్ అమ్మాయిలు తమ ముచ్చట కొద్దీ కుట్టించుకున్న వేషం ఇది. ఎవర్నో మెప్పించడానికి కాదు. హరాజుకులో 1970లో పెట్టిన మిల్క్ అనే కొట్టు దీనికి దారి వేసింది. 1988లో బేబీ ద స్టార్స్ షైన్ బ్రైట్ అనే బ్రాండు మొదలైంది. 2001లో గోథిక్ అండ్ లోలిటా బైబిల్ అనే పత్రిక వచ్చాక, కుట్టు నమూనాలతో సహా ఈ ముచ్చట దేశాలు దాటింది. ఆ పత్రిక 2017లో ఆగిపోయింది. నేను ఈ పిచ్చిలో పడేసరికి పాత సంచికలే మిగిలాయి.

నేను పోగు చేసేది ఒక్కటే: జంపర్ స్కర్ట్. అంటే బ్లౌజు మీద తొడుక్కునే చేతుల్లేని గౌను. ఈ లోకంలో అందరూ జేఎస్‌కే అంటారు. బ్రాండ్లు ఒక బొమ్మల ప్రింటు తెచ్చాయంటే అదే ప్రింటుతో జేఎస్‌కే, చేతులున్న గౌను, స్కర్టు కుడతాయి. ఒక్కోదాన్నీ మూడు నాలుగు రంగుల్లో దింపుతాయి. ఆ మొత్తం సెట్టు పూర్తిచేసేదాకా నిద్రపోనివాళ్ళున్నారు. నాకంత ఓపికా లేదు, డబ్బూ లేదు. నాకిష్టమైంది ప్రింటు లేని సాదా రకం: చతురస్రం మెడ, ఛాతీ మీద నిలువు లేసు, వీపున ఎలాస్టిక్ కుచ్చులు. సాదా గుడ్డలో కుట్టుపని దాక్కోలేదు. కుచ్చు ఎంత దగ్గరగా పోసారో, లేసు నూలుదో నైలానుదో, లైనింగ్ వేసారో లేదో ఇట్టే తెలిసిపోతుంది. ఒకే నమూనాని బ్రాండు కొన్నేళ్ళ తర్వాత మళ్ళీ దింపినప్పుడు నడుము ఒక వేలెడు పైకి జరుగుతుంది, లేసు మారుతుంది, భుజం పట్టీ వెడల్పవుతుంది. ఈ తేడాలు నా చేత్తో తడిమి చూడాలని ఎన్నాళ్ళుగానో కోరిక.

మొదట లఫోరె. 1978లో కట్టిన బట్టల భవనం. అంతస్తులన్నీ సగం సగం ఎత్తులో ఉంటాయి, ఎక్కుతున్నామో దిగుతున్నామో అర్థం కాదు. కొత్త సరుకు చూడ్డానికి ఇది మంచి చోటు. కొట్లో పనిచేసే అమ్మాయిలు అదే బ్రాండు బట్టలు పైనుంచి కిందదాకా వేసుకుని నిలబడతారు కాబట్టి, గౌను ఒంటి మీద ఎలా ఉంటుందో వాళ్ళని చూస్తే చాలు. ఫోటో మాత్రం అడక్కుండా తీయకూడదు. కొత్త జేఎస్‌కే ధర చాలావరకు 30,000 యెన్లు దాటే ఉంది. రూపాయల్లో లెక్క వేసి ఫోన్ లోపల పెట్టేసాను.

అసలు వేట సెకండ్‌హ్యాండ్ కొట్లలో. జపాన్‌లో పాత బట్టలు అమ్మే పద్ధతి చూస్తే మన దగ్గర కొత్త బట్టలమ్మేవాళ్ళకి కూడా బెంగ పుడుతుంది. ప్రతి గౌనుకీ ఒక చీటీ వేలాడుతుంది. పక్కన కుట్టు కొంచెం వదిలింది, అంచులో చిన్న మరక, నడుముకి కట్టే రిబ్బను లేదు అని ఉన్నదున్నట్టు రాస్తారు. క్లోజెట్ చైల్డ్ ఈ రకం బట్టలకి పేరున్న కొట్టు. హ్యాంగర్లు ఎంత ఇరుకుగా ఉన్నాయంటే ఒక గౌను లాగితే ఇంకో రెండు దాంతో పాటు వస్తాయి. ఫోన్‌లో కెమెరా అనువాదం పెట్టుకుని చీటీలు చదువుతూ పోయాను. మరకని అది ఒకచోట ‘మచ్చ’ అనీ, ఇంకోచోట ‘పాపం’ అనీ చెప్పింది.

అక్కడ దొరికింది లేత నీలం. వీళ్ళ చీటీల్లో ఆ రంగు పేరు సాక్స్ (మేజోళ్ళు కాదు). నా గులాబీ గౌనుకి అచ్చంగా తోబుట్టువే అనుకున్నాను, దగ్గర పెట్టి చూస్తే కాదు. నాది ముందు విడుదల. ఇది తర్వాతది. లేసు వెడల్పుంది, కింద ఒక వరస ఫ్రిల్ ఎక్కువ, పొడవు రెండు సెంటీమీటర్లు పెరిగింది. నాలాంటి ఐదడుగుల ఆరంగుళాల మనిషికి ఆ రెండు సెంటీమీటర్లు వరం. జపాన్ కొలతల్లో గౌను నా మోకాలికి పైనే ఆగిపోతుందని ఎప్పుడూ టెన్షనే.

ట్రయల్ రూముకి వెళ్ళేముందు చెప్పులు విప్పాలి. చేతిలో ఒక పల్చటి ముసుగు పెడతారు. మొహానికి అది తొడుక్కుని గౌను దించుకోవాలి, పౌడరూ లిప్‌స్టిక్కూ గుడ్డకి అంటకుండా. ఆ ముసుగులో అద్దం ముందు నేను దొంగలా ఉన్నాను గానీ, ఈ పద్ధతి మన షాపులకి అర్జెంటుగా నేర్పాలి. గౌను సరిపోయింది. వీపు వైపు ఎలాస్టిక్ ఉంటే ఊపిరి పీల్చుకునే హక్కు మనకుంటుంది. అది లేని పాత రకాల జోలికి పోను.

అదే నమూనా నల్లరంగులోనూ ఉంది, ఇంకా చవగ్గా. అరగంట దాన్ని పట్టుకుని నిలబడి వదిలేసాను. నలుపులో లేసు పనంతా కలిసిపోయి, దూరం నుంచి చూస్తే ఒట్టి గౌనులా ఉంది. రంగు పూర్తయిందని లెక్క చెప్పుకోవడానికి కొనొచ్చు గానీ, వేసుకోని దానికి బీరువాలో చోటివ్వను. దాని బదులు ముదురు ఎరుపు కార్డురాయ్‌ది తీసుకున్నాను. ఇది చలికాలపు రకం. గుడ్డ బరువు వల్ల కుచ్చులు నిలబడకుండా కిందికి జారతాయి, గౌను తీరే మారిపోతుంది. హైదరాబాద్‌లో దీన్ని వేసుకోవడానికి జనవరి ఉదయాలు తప్ప దిక్కులేదు.

మర్నాడు నిప్పొరి వెళ్ళాను, అక్కతో. స్టేషన్ బయట వీధి పొడుగునా గుడ్డల కొట్లే. టొమాటో అనే కొట్లో అంతస్తులకి అంతస్తులు గుడ్డలతో నిండిపోయి ఉంటాయి. అక్క మొహం అప్పటిదాకా ముడుచుకునే ఉంది, లేసు చుట్టలు కనబడగానే "ఇది మన జనరల్ బజార్ మ్యాచింగ్ సెంటర్ కదే!" అని ముందుకి నడిచింది. నా ఉద్దేశం వేరు. ఈ నమూనా ఎప్పుడూ చిలకపచ్చలో రాలేదు, నేనే కుట్టించుకుందామని. అలాగని బ్రాండు గౌనుని ముక్కకి ముక్క దించడం నాకిష్టం లేదు. ఈ ముచ్చటున్నవాళ్ళలో నకలుకి మర్యాద లేదు, అది న్యాయమే. మెడ తీరు మార్చి, ఛాతీ మీద లేసు బదులు సన్నటి మడతలు పెట్టమని మా టైలర్ బాబాయికి చెప్పాలి. ఆరు మీటర్ల నూలు లేసు, పచ్చ నూలు గుడ్డ కొన్నాను. గుడ్డ మీటరు ఎంతకి ఇవ్వాలో బేరమాడదామని అక్క నోరు తెరిచి, ధర అచ్చేసి ఉండటం చూసి మూసుకుంది.

సర్దేటప్పుడు క్యాన్‌క్యాన్ ఒక్కటే పేచీ పెట్టింది. మూడు గౌన్లకి పట్టిన చోటంతా అదే తినేసింది. గాలి తీసే సంచిలో పెట్టి బావగారు దాని మీద కూర్చున్నారు, నేను జిప్ లాగాను. తెరిచిన తర్వాత రెండు రోజులు హ్యాంగరుకి తలకిందులుగా వేలాడదీస్తే మళ్ళీ ఉబ్బుతుందట. పచ్చ గుడ్డ హ్యాండ్ బ్యాగేజీలో పెట్టుకున్నాను. దాన్ని కుట్టే ముందు ఉతికి ఆరబెట్టాలి, నూలు కదా, ఎంతో కొంత కుదించుకుపోతుంది.