మంచి కంటికే ప్యాచ్: మా బిడ్డ లేజీ ఐ వైద్యం, నా అనుభవం

మాది దేవరకొండ. బిడ్డకు ఐదేళ్లు. కుడి కన్ను లేజీ ఐ అని తేలింది. బయటికి చూస్తే ఏమీ తెలియదు. మెల్ల లేదు, ఎరుపు లేదు, నీళ్లు కారవు. అద్దాల పవర్ ఎడమ కంటికి ప్లస్ ఒకటి, కుడి కంటికి ప్లస్ ఐదు. ఇంత తేడా ఉంటే మెదడు స్పష్టంగా ఉన్న బొమ్మను తీసుకుని మసక బొమ్మను వదిలేస్తుంది. ఇక ఆ కంటి చూపు ఎదగదు. పుట్టినప్పటి నుంచి అంతే కాబట్టి పిల్లకూ తెలియదు, చెప్పదు.

బళ్లో పెట్టిన కళ్ల క్యాంపులో ‘నార్మల్’ అని కార్డు రాసిచ్చిన్రు. చేత్తో కన్ను మూసుకోమంటే ఏ పిల్లయినా వేళ్ల సందుల్లోంచి చూస్తది. ఆ కార్డునే నమ్ముకోకుండా ఇంట్లో మీరూ ఒక పరీక్ష చేయండి. పిల్ల బొమ్మలు చూస్తున్నప్పుడు వెనక నుంచి మీ అరచేతితో ఒక్కో కన్ను మూయండి. చూపు తక్కువున్న కన్ను మూస్తే ఊరుకుంటది, మంచి కన్ను మూస్తే చెయ్యి తోసేస్తది. అట్ల తోసిందంటే పిల్లల కంటి డాక్టరుకే చూపించాలి. హైదరాబాద్‌లో మెహదీపట్నం సరోజినీదేవి సర్కారు ఆస్పత్రి ఉంది, బంజారాహిల్స్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి ఉంది. మెల్ల ఉంటే అదృష్టం అని కూర్చునేవాళ్లు ఇంకా ఉన్నరు మా దిక్కు. మెల్ల ఉన్నా ఈ జబ్బు రావచ్చు, కాబట్టి వాళ్లూ చూపించాల్సిందే.

పరీక్షకు ముందు మూడు రోజులు అట్రోపిన్ ఆయింట్‌మెంట్ పెట్టమన్నరు. పిల్లలు కన్ను బిగించి ప్లస్ పవర్‌ను దాచేస్తరు. మందు పడితే ఆ బిగింపు వదిలి అసలు నంబరు బయటపడుతది. మందు వేయకుండా కంప్యూటర్ మీద తీసిన నంబరుతో అద్దాలు చేయించొద్దు. ఆయింట్‌మెంట్ బియ్యపు గింజంత చాలు. పెట్టినాక ముక్కు పక్కన కంటి మూల కాసేపు నొక్కి పట్టుకుని, తర్వాత చేతులు కడుక్కోవాలి. మొహం ఎర్రబడ్డా, జ్వరం వచ్చినా ఆపి డాక్టరుకు ఫోన్ చేయాలి. వారం, పది రోజులు దగ్గరి చూపు మసకే ఉంటది, బడి పరీక్షల ముందు ఈ పని పెట్టుకోకండి.

అద్దాల షాపాయన చీటీ చూసి ‘చిన్న పిల్లకు ఇంత పవరా’ అని తనంతట తనే నంబరు తగ్గించిండు. ఆస్పత్రిలో మిషన్ మీద పెట్టి చూస్తే దొరికింది. మీరూ కొత్త అద్దాలు తెచ్చినప్పుడల్లా చెక్ చేయించండి. లెన్స్ పాలీకార్బొనేట్‌దే (సులభంగా పగలనిది) తీసుకోండి, ఉన్న మంచి కంటికి దెబ్బ తగలొద్దు. మొదటి నాలుగు నెలలు అద్దాలే వైద్యం. ఉత్త అద్దాలతోనే కుడి కంటి చూపు 6/36 నుంచి 6/24కి వచ్చింది (6/36 అంటే మంచి చూపున్నోళ్లు 36 మీటర్ల నుంచి చదివే అక్షరం ఆరు మీటర్లకు వస్తే గానీ కనపడదు; 6/6 మామూలు చూపు).

తర్వాత ప్యాచ్, అంటే మంచి కన్ను మూసే పట్టీ, రోజుకు రెండు గంటలు. మంచి కన్ను మూస్తే మెదడు మసక కన్నునే వాడక తప్పదు, అట్ల దాని చూపు ఎదుగుతది. మా పరువు తీసింది ఇదే. దావత్‌లో అందరి ముందు మా పెద్దమ్మ, ‘మంచి కంటికి గంత కట్టి, కనపడని కన్ను తెరిచి పెడ్తార్రా? ఏ డాక్టర్ చెప్పిండ్రా నీకు?’ అన్నది. జవాబు చెప్పేలోపే ఇంకో నలుగురు చేరి మేం బిడ్డను గుడ్డిదాన్ని చేస్తున్నట్టు తీర్పిచ్చిన్రు. బళ్లో ఇంకా ఘోరం. గ్రూప్ ఫొటో ఉందని టీచరమ్మ ప్యాచ్ పీకేసింది. అడిగితే, ‘వేరే పిల్లలు భయపడుతున్నరు సార్’ అన్నది. డాక్టర్ చీటీ జిరాక్స్ తీసి హెడ్‌మాస్టర్ బల్ల మీద పెట్టిన తర్వాత గానీ నోళ్లు మూతపడలే. మీరు ముందే ఇవ్వండి, లేదా బడి నుంచి వచ్చినాక ఇంట్లోనే పెట్టండి.

అద్దానికి తొడిగే గుడ్డ ప్యాచ్ మాకు పనికిరాలేదు, పైనుంచి తొంగి చూసేది. చర్మానికి అంటించే ప్యాచే పెట్టి, దాని మీద అద్దాలు పెట్టాలి. సన్న కొస ముక్కు వైపు, వెడల్పు కొస కణత వైపు. మొహం కడిగి, పూర్తిగా తుడిచి అంటించాలి. పౌడరు, నూనె ఉంటే ఊడిపోతది. మా ఎండలకు మధ్యాహ్నం చెమటతో అదే ఊడొస్తది, పొద్దున్నే కానివ్వండి. తీసేటప్పుడు నీళ్లతో తడిపి మెల్లగా తీయాలి, పొడిగా లాగితే తోలు లేస్తది. చర్మం ఎర్రబడితే డాక్టరును అడిగి ఒకట్రెండు రోజులు ఆపొచ్చు.

ప్యాచ్ ఉన్నంతసేపు మెట్లు, సైకిల్ బంద్. మేము కందుల్లో కలిపిన పెసలు ఏరించినం, రంగులు వేయించినం. టీవీ చూసినా తప్పులేదు, పీకకుండా ఉంచుకోవడమే ముఖ్యం. అసలు ఉంచుకోని పిల్లలకు మంచి కంట్లో శని, ఆదివారాలు అట్రోపిన్ చుక్క వేసి దాని చూపు మసక చేసే పద్ధతి ఉంది, డాక్టరును అడగండి. త్వరగా తగ్గాలని గంటలు మీరే పెంచొద్దు, మూసిన కన్నే మందగించొచ్చు. ఏడేళ్ల లోపు ఫలితం బాగుంటది, దాటినా ప్రయత్నం మానొద్దు.

ఇప్పుడు 6/9. డాక్టర్ ప్యాచ్ ఒక్కసారిగా ఆపకుండా రోజుకు ఒక్క గంటకు తగ్గించిన్రు. ఆపేసిన పిల్లల్లో నలుగురిలో ఒకరికి చూపు మళ్లీ పడిపోతదట. ప్యాచ్ పోయినా అద్దాలు మాత్రం నిద్ర లేచింది మొదలు పడుకునేదాకా ఉండాల్సిందే. ఇది ఇంటి వరుసలో కూడా వస్తది కాబట్టి చిన్నోడికీ అదే మందు వేసి పరీక్ష చేయించినం. వాడికి ఏమీ లేదు.