మరిది పెట్టిన ఫొటో

నిద్ర పట్టక రాస్తున్నా. మా ఆయన గురక మొదలై గంటయింది. విషయం చిన్నదే, చెబితే నవ్వుతారు కూడా.

మన పాత ఇండియా క్రికెటర్ సయ్యద్ అబిద్ అలీ పోయారు. అమెరికాలో, 83 ఏళ్లకి. సాయంత్రం కుక్కర్ విజిల్స్ లెక్కపెట్టుకుంటూ ఉంటే ఫోను టింగుమంది. ఇంటి గ్రూపులో మరిది మెసేజి. దణ్ణం బొమ్మలు మూడు, 'ఆర్ఐపీ లెజెండ్' అని ఒక ముక్క, కింద ఫొటో. ఫొటోలో ఉన్నదేమో ఆకుపచ్చ టోపీ పెట్టుకున్న పాకిస్తాన్ ఓపెనర్ అబిద్ అలీ! 1987లో పుట్టినవాడు, నిక్షేపంగా ఉన్నాడు. దాని కింద వరసగా అందరూ దణ్ణాలు పెట్టేశారు. మా ఆడబిడ్డయితే 'అయ్యో చిన్న వయసులోనే' అని ఏడుపు బొమ్మ కూడా. ఆ వెంటనే ఎవరో బంగారం రేటు పెట్టారు, అందరూ అటు పోయారు.

నాకు ఒళ్లు మండింది. మూడో విజిలో నాలుగోదో మర్చిపోయి ఫోన్ చేశా. "ఏంది అబ్బాయ్, బతికున్నోడి ఫొటోకి దణ్ణాలు పెట్టిస్తున్నావు?" అన్నా. తీస్తాలే వదినా, పోయిన మాట నిజమే గదా అన్నాడు. అక్కడితో ఆగాల్సింది. ఆగను కదా నేను, మీకు తెలుసు. ఆట చూడనోళ్లు కూడా సంతాపాలు పెట్టేదేంది, ఈ గ్రూపుల్లో చావు కూడా గుడ్ మార్నింగ్ మెసేజి లాంటిదైపోయింది అని దులిపేశా. అంతా విని నిదానంగా, "నువ్వు చూశావా వదినా ఆయన ఆట?" అన్నాడు.

నేను పుట్టింది 1978లో.

నేను చూసింది మా నాయన చెప్పడం. అప్పుడాయన ఒంగోల్లో కాలేజీ చదువు, చవితికని సింగరాయకొండ దగ్గర మా ఊరికి వచ్చాడు. 1971 ఆగస్టు 24, వినాయక చవితి. లండన్ ఓవల్ గ్రౌండులో ఇంగ్లండుతో టెస్టు, ఆఖరి రోజు. ముందు రోజే మన స్పిన్నర్ చంద్రశేఖర్ 38 పరుగులకి ఆరు వికెట్లు తీసి ఇంగ్లండుని 101కి కూల్చేశాడు, మనకి కావాల్సింది 173. మా నాయన ఉండ్రాళ్ల పళ్లెం ఒళ్లో పెట్టుకుని, వరండాలో రేడియో చెవికి ఆనించి కూచున్నాడంట. గరగరమనే శబ్దంలో పేర్లు మాత్రం అర్థమయ్యేవంట. రాత్రి ఏడు దాటాక అబిద్ అలీ స్క్వేర్ కట్ కొట్టాడు, ఫోరు. ఇంగ్లండులో మన మొదటి సిరీస్ గెలుపు. నాయన పళ్లెం పక్కన పడేసి వీధిలోకి ఒక్క ఉరుకు ఉరికి, అరుస్తా తలెత్తితే ఎదురుగా చంద్రుడు!

చవితి చంద్రుణ్ణి చూసినందుకు నాయనమ్మ ఆ రాత్రి మళ్లీ కథంతా మొదట్నించీ చదివించి, నెత్తిన అక్షింతలేసి, వారం రోజులు ఎవరితో మాట్లాడినా అనుమానంగా చూసిందంట. ఏ నింద వస్తుందో అని. "అబిద్ అలీ కోసం నీలాపనిందకి కూడా తయారైనోణ్ణి" అనేవాడు నాయన. ఆ తర్వాతి ఏడాదే జై ఆంధ్ర గొడవ, కాలేజీలు మూతబడ్డాయి, ఊళ్లో హైదరాబాద్ పేరెత్తితే చిరాకు పడేవాళ్లు. మా నాయనకి మాత్రం హైదరాబాద్ అబిద్ అలీ మనోడే. 29 టెస్టులు ఆడాడు, అడిలైడ్‌లో మొదటి టెస్టులోనే ఆరు వికెట్లు తీశాడు, నాయన గుర్తు పెట్టుకున్నది మాత్రం ఆ ఒక్క ఫోరు.

ఇంకోటి కూడా చెప్పేవాడు, ఆ రోజు చవితి అని అక్కడివాళ్లు గ్రౌండులోకి ఏనుగుని తెచ్చారని. కోస్తున్నాడనుకునేదాన్ని. నాయన పోయిన తర్వాత ఎక్కడో చదివా, నిజమే. జూ నించి తెచ్చారంట, పేరు బెల్లా. అప్పటికి నాయనతో చెప్పడానికి లేదు.

సరే, మరిది సంగతి. ఇందాక పడుకున్నాక గుర్తొచ్చింది. 2022 మేలో, ఆదివారం పొద్దున మా ఇంటికి టిఫినుకి వచ్చి, దోసె సగంలో వదిలేసి ఫోను చూస్తా కూచున్నాడు. ఐపీఎల్‌లో మన డెక్కన్ చార్జర్స్‌కి ఆడిన ఆస్ట్రేలియా ఆటగాడు ఆండ్రూ సైమండ్స్ కారు ప్రమాదంలో పోయాడని. ఆ టీము ఆడిన 2009 ఐపీఎల్ ఫైనల్ మా ఇంట్లోనే చూశాడు వాడు. మొదటి ఓవర్లోనే కెప్టెన్ గిల్‌క్రిస్ట్ సున్నాకి ఔటైపోతే తలపట్టుకున్నాడు, చివరికి డెక్కన్ చార్జర్స్ ఆరు పరుగులతో గెలిస్తే మా మంచం కోడు విరిగేలా ఎగిరాడు. ఆ దోసె పొద్దున నేనేమన్నానో తెలుసా? "డబ్బులకి ఆడిపోయినోడికి ఇంత బాధేంది?" అన్నా. వాడేం మాట్లాడలేదు. చేయి కడుక్కుని వెళ్లిపోయాడు. ఏ గ్రూపులోనూ ఏమీ పెట్టలేదు కూడా.

మరి ఇవాళ అబిద్ అలీకి పెట్టిందెందుకు? నా కోసమేనేమో. మా నాయన చవితి కథ మా పెళ్లయిన కొత్తలోనే వాడికీ చెప్పాడు. కాదులే, ఊరికే ఎక్కడో వచ్చింది పంపి ఉంటాడు, వాడి పద్ధతే అంత. ఫొటో చూసుకోకపోవడం తప్పే, ఆ మాట మీద మాత్రం నేను తగ్గను.

ఇప్పుడు గ్రూపు తెరిచి చూశా. ఫొటో తీసేశాడు. ఇంకో ఫొటో పెట్టలేదు. నాకు విడిగా ఒక మెసేజి, పదిన్నరకి వచ్చింది: "వదినా, మామయ్య చెప్పిన ఏనుగు సంగతి నిజమేనా?"

నిజమే, పేరు బెల్లా అని రాశా. రెండు టిక్కులూ నీలమయ్యాయి. వాడూ పడుకోలేదన్నమాట.