గోడ మీది ఆకు, డబ్బాలో గోలి

సాయంత్రం అత్తమ్మ షుగర్ మందుల డబ్బా సర్దాను. పొద్దున వేసుకునేవి అయిపోవస్తున్నాయి, రాత్రివి మాత్రం పట్టీలకు పట్టీలు అట్లాగే ఉన్నాయి. అడిగితే దాచలేదు. "పొద్దుగాల ఆకు నములుతున్న గద బిడ్డా, మళ్ల రాత్రి గోలి ఎందుకు?" అన్నది. ఆ మాట ఆమెది కాదు. ఎవరు నేర్పారో నాకు తెలుసు.

మూలింటి సారు. పొద్దున వాకింగ్‌కు పోతూ మా గోడ మీదికి వంగిన ఇన్సులిన్ మొక్క (షుగర్‌కు మంచిదని జనం ఆకు నమిలేది) నుంచి ఓ ఆకు తెంపుకుంటారు. తెంపుకోనీ. కానీ కాండం ముక్క గుచ్చితే బతికే మొక్క అది, ఓ కొమ్మ విరిచి కవర్లో పెట్టి మరీ ఇచ్చాను. నాటుకోరు. మా గోడే కావాలి. ఈ మధ్య వెంట ఇంకొందరిని తెస్తున్నారు, గోడ వైపు కాడలన్నీ బోడిగా తయారయ్యాయి. పైగా గేటు పట్టుకుని ఉపన్యాసం: "ఆకులోనే ఇన్సులిన్ ఉంటదమ్మా, గోలీలు, సూదులు దండగ." ఇన్సులిన్ ప్రొటీన్ కదా సారూ, మింగితే కడుపులో పప్పులాగే అరిగిపోతుంది, అందుకేగా సూదితో ఇచ్చేది అని నోటిదాకా వచ్చింది. మా ఆయనకు తొమ్మిదో తరగతిలో లెక్కలు చెప్పిన మనిషి. ఏమంటాను!

ఆకులంటే నమ్మకం లేక కాదు. అమ్రాబాద్‌లో మా అవ్వ దగ్గర పెరిగినదాన్ని. అడవి నుంచి తేనె తెచ్చే చెంచు అవ్వలు షుగర్‌కని నమిలే పొడపత్రి ఆకు కూడా తెచ్చి ఇచ్చేవాళ్లు. ఓసారి సద్దుల బతుకమ్మ రోజు, మా అవ్వ నములుతుంటే చూసి నేనూ రెండాకులు నోట్లో వేసుకున్నా. చేదు. చేదు పోగొట్టుకుందామని మలీద ముద్ద అందుకున్నా. బెల్లం లేదు! నెయ్యి తెలుస్తోంది, రొట్టె తెలుస్తోంది, తీపి జాడే లేదు. చక్కెర నోట్లో పోసుకుంటే ఒట్టి ఇసుక. బతుకమ్మ ఎత్తుకునే వేళ నేను గడప మీద కూర్చుని ఒకటే ఏడుపు, మా అత్తలందరూ పట్టుచీరల్లో నా చుట్టూ మూగి నాలుక చాపమని చూడటం. అవ్వ మాత్రం పగలబడి నవ్వింది. "ఏం కాదు తియ్యి, జరసేపైతే మళ్ల వస్తది." వచ్చింది కూడా, చెరువు దగ్గరికి పోయేసరికి. అందులోని జిమ్నెమిక్ ఆమ్లాలు నాలుక మీద తీపిని పట్టే చోట్లను కాసేపు మూసేస్తాయని చాలా ఏళ్లకు చదివాను.

ఇక్కడిదాకా రాశాక సారు మీద కోపం కాస్త దిగింది. అత్తమ్మ మింగే మెట్‌ఫార్మిన్ గోలి మాత్రం ఎక్కడిది? యూరప్‌లో గెలీగా అనే మొక్క ఉంది, దానిలోని పదార్థాల దారి పట్టుకుని పోతేనే ఆ మందు దొరికింది. 1957లో ఓ ఫ్రెంచి డాక్టరు షుగర్‌కు వాడి చూపించాడు. మరి ఆకు అనగానే నేనెందుకు ఇంత ఎగిరిపడుతున్నా?

ఎందుకంటే గోలి మీద 500 మిల్లీగ్రాములని రాసి ఉంటుంది. ఆ ఆకులో ఏది ఎంతుందో సారుకు తెలియదు, అత్తమ్మకు తెలియదు, లేతదో ముదురుదో కూడా చూడరు. లేదు, కోపం దిగలేదు.

ఆకు మానమని మాత్రం చెప్పను, ఆ పులుపు ఆమెకు ఇష్టం. గోలి ఇకనుంచి నా చేతులతో ఇస్తా. వచ్చే వారం మూడు నెలల షుగర్ పరీక్ష ఉంది. రెండూ కలిసి షుగర్ మరీ పడిపోతే అదో టెన్షన్, కాబట్టి ఆకు సంగతీ మానేసిన గోలీల సంగతీ డాక్టరుకు నేనే చెప్పాలి. ఆమె చచ్చినా చెప్పదు.

అన్నట్టు ఆ మొక్క ఇవాళ పూసింది. నారింజ రంగు, ఒక్కటే పువ్వు, లోపలి వైపు కొమ్మకు కాబట్టి మిగిలింది.

సారుకు రేపు ఎట్లా చెప్పాలో మా ఆయన్ని అడిగాను. "నన్ను ఇందులోకి లాగకు" అని అటు తిరిగి పడుకున్నారు.