బీడీ మానాక నా దమ్ము గోలీ ఎక్కువైంది

వరంగల్ ఎనుమాముల మార్కెట్లో ఒక అడ్తి దుకాణంలో 28 ఏళ్లుగా గుమాస్తాను. మిర్చి సీజన్‌లో పొద్దంతా తక్‌పట్టీలు రాయడమే నా పని. బస్తాలు, తూకం, ధర, హమాలీ, చివరికి రైతు చేతికొచ్చే మొత్తం, అన్నీ ఆ చీటీలోనే ఉంటాయి. ఆ రోజు పర్వతగిరి వైపు నుంచి తేజ మిర్చి తెచ్చిన ఒక రైతు పట్టీని ఎండకు పెట్టి చూసి, "అన్నా, గిది ఒకటా, ఏడా?" అని అడిగాడు. తీసుకుని చూస్తే నాకే తెలియలేదు. అంకెలన్నీ వంకరపోయి ఉన్నాయి. మళ్లీ రాద్దామని పెన్ను పట్టుకుంటే చేయి వణుకుతోంది. ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకున్నా ఆగలేదు.

పొద్దున రెండుసార్లు వాంతి అయింది. గ్యాస్ అనుకున్నాను. అంతకుముందు రెండు రాత్రులు నిద్ర లేదు, సీజన్ టెన్షన్ అనుకున్నాను. గుండె దడదడలాడుతుంటే, కడుపు ఖాళీగా ఉంది కదా అని ఇంకో చాయ్ తాగాను. ఒక్కోదానికి ఒక్కో కారణం చెప్పుకున్నాను కానీ అన్నిటికీ కారణం ఒకటే అన్న ఆలోచన రాలేదు. ఇది రాస్తున్నది అందుకే. నాలాగా దమ్ముకు గోలీ వేసుకునేవాళ్లు మన దగ్గర ఇంటికొకరు ఉన్నారు.

నాది సీఓపీడీ, అంటే ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకైపోయే దీర్ఘకాలిక జబ్బు. 30 ఏళ్లు రోజుకు ఒక బీడీ కట్ట తాగాను, దానికి తోడు మిర్చి యార్డు దుమ్ము. మెట్లెక్కితే ఆయాసం, తెల్లవారుజామున దగ్గు. డిసెంబరులో హన్మకొండలో ఛాతీ డాక్టర్ దగ్గరికి పోతే, గొట్టంలోకి ఊదించి పరీక్ష చేసి రెండు మందులు రాశారు. ఒకటి గుళిక పెట్టి పీల్చేది, పొద్దున, రాత్రి. ఇంకొకటి థియోఫిలిన్ గోలీ, 400 మిల్లీగ్రాములు, రాత్రి ఒకటి. "పీల్చేదే అసలు మందు, గోలీ దానికి సాయం" అని ఆయన స్పష్టంగా చెప్పారు. నేను దాన్ని తలకిందులు చేసుకున్నాను. పీల్చే మందు అలవాటైతే వదలదని మార్కెట్లో అందరూ అనేవారు. గోలీ అయితే మింగేస్తే అయిపోతుంది కదా అని గోలీని మాత్రం ఒక్క రాత్రి కూడా తప్పలేదు.

మొదట్లో గోలీ పెద్దగా ఉండి గొంతులో అడ్డం పడుతోందని మా ఆవిడ దంచి బెల్లంలో కలిపి ఇద్దామనుకుంది. మందుల షాపులో ఈ మాట అంటే అక్కడి ఫార్మసిస్టు గట్టిగా వద్దన్నాడు. ఇది రాత్రంతా మెల్లమెల్లగా కరిగేలా చేసిన గోలీ, దంచినా నమిలినా మందంతా ఒక్కసారే ఒంట్లోకి దిగుతుందని చెప్పాడు. ఆ మాట అప్పుడు వినకపోతే నా కథ డిసెంబరులోనే తిరగబడేదేమో.

శివరాత్రి రోజు బీడీ మానేశాను. వేయిస్తంభాల గుడిలో దర్శనం లైనులో నిలబడి దగ్గు ఆగక పక్కకొచ్చి కూర్చున్నాను. మా ఆవిడ ఏమీ అనలేదు, నీళ్ల సీసా ఇచ్చి చూస్తూ నిలబడింది. ఇంటికెళ్లాక కట్ట తీసి పొయ్యిలో వేశాను. ఆ తర్వాత మళ్లీ ముట్టలేదు. ఈ సంగతి డాక్టర్‌కు ఫోన్ చేసి చెప్పాలని నాకు తోచలేదు. మంచి పనే కదా చేసింది, నెల తర్వాత పోయినప్పుడు సంతోషంగా చెప్పొచ్చులే అనుకున్నాను.

పది రోజులు గడిచాయి. మూత్రంలో మంట మొదలైంది. సీజన్ వదిలి హన్మకొండ పోలేక, మా వాడలో ఆర్‌ఎంపీ దగ్గరికి పోయాను. ఆయన సిప్రోఫ్లాక్సాసిన్ 500 అనే యాంటీబయాటిక్ గోలీలు, పూటకొకటి చొప్పున ఐదు రోజులకు ఇచ్చాడు. వేరే మందులు వాడుతున్నారా అని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. దమ్ము గోలీ దమ్ముకు, మంట గోలీ మంటకు, ఒకదానితో ఒకదానికి ఏం పని అనుకున్నాను. నేను తక్‌పట్టీ రాయలేకపోయింది ఆ గోలీలు మొదలుపెట్టిన మూడో రోజు.

దుకాణంలో హమాలీ తమ్ముడు ఒకతను ఆటో పిలిచి ఇంటికి తెచ్చాడు. నన్ను చూడగానే మా ఆవిడ, "ఏందయ్యా, ముఖం గిట్లయింది?" అని, అలమరలో ఉన్న గోలీలన్నీ ఒక క్యారీబ్యాగులో వేసుకుని అదే ఆటో ఎక్కింది. ఆమె చేసిన ఆ ఒక్క పనే నన్ను కాపాడిందని ఇప్పటికీ అనుకుంటాను. ఆసుపత్రిలో చిన్న వయసు డ్యూటీ డాక్టరమ్మ నాడి పట్టుకుని, ఈసీజీ పెట్టించింది. గుండె నిమిషానికి 136 సార్లు కొట్టుకుంటోంది. మా ఆవిడ సంచిని బల్ల మీద బోర్లించింది. బీపీ గోలీలు, పారాసెటమాల్, ఎప్పటివో దగ్గు గోలీలు అన్నీ పడ్డాయి. డాక్టరమ్మ వాటిలోంచి రెండు స్ట్రిప్పులు తీసి పక్కపక్కన పెట్టింది. "ఈ రెండూ కలిపి వేసుకుంటున్నారా?" అంది. తర్వాత, "బీడీ తాగుతారా?" అంది. మానేశానని గర్వంగా చెప్పాను. "ఎప్పుడు?" అంది వెంటనే. ఆ ప్రశ్న ఎందుకో అప్పుడు అర్థం కాలేదు.

రక్తం తీసి మందు మోతాదు చూడటానికి హైదరాబాద్ పంపారు. ఫలితం కోసం ఆగకుండా రెండు గోలీలూ ఆపేశారు. నల్లటి బొగ్గు ద్రవం తాగించారు. కడుపులో, పేగుల్లో మిగిలిన మందును అది పట్టుకుని బయటికి పంపుతుందట. పొటాషియం తగ్గిందని సెలైన్‌లో ఎక్కించారు. రాత్రంతా ఛాతీకి వైర్లు. మర్నాడు రిపోర్టు వచ్చింది: 26. ఆ కాగితం మీదే మామూలుగా ఉండాల్సింది 10 నుంచి 20 అని అచ్చేసి ఉంది. ఇంకా పెరిగితే మూర్ఛలు వచ్చేవని, గుండె లయ తప్పేదని చెప్పారు.

సాయంత్రం మా ఛాతీ డాక్టర్ వచ్చి మంచం పక్కన కూర్చుని చెప్పిన తీరు నాకు బాగా గుర్తుండిపోయింది. "మీది పల్లెటూరే కదా, చెరువు తెలుసుగా" అన్నారు. రాత్రి గోలీ చెరువులోకి వచ్చే వాగు. లివరు తూము. బీడీ పొగ లివరును రెచ్చగొట్టి ఈ మందును తొందర తొందరగా ఖర్చు చేయిస్తుంది, అంటే తూము పూర్తిగా తెరిచి ఉన్నట్టు. 400 సరిపోయింది ఆ లెక్కకే. బీడీ మానిన వారం పది రోజుల్లో లివరు నెమ్మదిస్తుంది, తూము సగం మూసుకుంటుంది. సిప్రోఫ్లాక్సాసిన్ వచ్చి ఆ మిగిలిన సందుకూ అడ్డం పడింది. వాగు మాత్రం రోజూ రాత్రి ఎప్పటిలాగే వచ్చి పడుతోంది. కట్ట మీదికి నీళ్లు రాక ఏం చేస్తాయి?

అంటే బీడీ మానడం తప్పయిందా అని అడిగాను. మార్కెట్లో అప్పటికే ఆ మాట పాకింది, ఆయన బీడీ మానినందుకే పడిపోయాడని. డాక్టర్ గారికి కోపమే వచ్చింది. బీడీ మానడం మీ ఊపిరితిత్తులకు నేనిచ్చే ఏ మందూ చేయలేని మేలు, మానిన రోజే నాకు చెప్పి ఉంటే గోలీ తగ్గించేవాణ్ని, అంతే తేడా అన్నారు. బీడీ మళ్లీ మొదలుపెట్టినా నాకు చెప్పాల్సిందే, అప్పుడు మందు చాలక దమ్ము వస్తుంది అని కూడా అన్నారు.

చాయ్ గురించి కూడా ఆ రోజే తెలిసింది. థియోఫిలిన్‌ను మొదట 1888లో టీ ఆకులోంచే వేరు చేశారట. చాయ్‌లో ఉండే కెఫీన్ దీనికి దగ్గరి చుట్టం. లివరులో రెండూ ఒకే దారిన పోతాయి, రెండూ గుండెను పరుగెత్తిస్తాయి. నేను మార్కెట్లో రోజుకు ఏడెనిమిది తాగేవాణ్ని. ఇప్పుడు రెండు.

మూడు రోజులకు ఇంటికి వచ్చాను. చేతి వణుకు రెండో రోజుకే తగ్గింది కానీ నీరసం వారం పట్టింది. మూత్రం మంటకు వేరే మందు ఇచ్చారు, అదీ తగ్గింది. కొన్నాళ్లు గోలీ లేకుండా పీల్చే మందు మీదే ఉంచారు. పీల్చడం నేను ఇన్నాళ్లూ సరిగ్గా చేయనే లేదని తేలింది. నర్సమ్మ ఎదురుగా నిలబడి నేర్పింది: ముందు ఊపిరంతా బయటికి వదలాలి, తర్వాత పెదాలు బిగించి ఒక్క గుక్కలో గట్టిగా లాగాలి, పది లెక్కపెట్టే దాకా బిగబట్టాలి, చివర నోరు పుక్కిలించి ఉమ్మాలి. ఇలా చేసిన రెండో వారానికే తెల్లవారుజామున దగ్గు సగానికి వచ్చింది. ఆ తర్వాత గోలీ 200తో మళ్లీ మొదలుపెట్టి, పరీక్ష చేయిస్తే 9 వచ్చింది. పదికి తక్కువుంది కదా అని నేను కంగారుపడితే, 5 నుంచి 15 మధ్య ఉంటే తనకు చాలని డాక్టర్ గారు అన్నారు. ఒక రాత్రి మరిచిపోతే మర్నాడు రెండు వేసుకోవద్దని, దమ్ము ఎక్కువైన రోజు ఇంకో గోలీ వేసుకుంటే తగ్గుతుందనుకోవద్దని మా ఆవిడకు కూడా చెప్పారు. దమ్ముకు చాలామంది అడిగి కొనుక్కునే డెరిఫిలిన్‌లోనూ ఈ మందు ఉంటుంది కాబట్టి, రెండూ కలిపి వేసుకోవద్దన్నారు.

ఆర్‌ఎంపీ ఇంటికి నేనే పోయి జరిగింది చెప్పాను. ఆయన మీద నాకు కోపం లేదు, చెప్పాల్సిన మాట నా దగ్గరే ఉండిపోయింది. ఇప్పుడు ఆయన వచ్చినవాళ్లందరినీ ఇంట్లో ఏ గోలీలు వేసుకుంటున్నారని అడుగుతున్నాడట.

హుజూరాబాద్‌లో ఉండే మా బిడ్డ ఒక అట్టముక్క మీద మందుల పేర్లు, మోతాదు, వేసుకునే వేళ, డాక్టర్ ఫోన్ నంబరు రాసి, కింద ఎర్ర పెన్నుతో "థియోఫిలిన్ వాడుతున్నారు. సిప్రోఫ్లాక్సాసిన్, ఎరిత్రోమైసిన్ ఇచ్చే ముందు డాక్టర్‌ను అడగండి" అని రాసింది. ఆగస్టులో నాకు విషజ్వరం పట్టుకుంది. ఒక రోజు దాటినా 102 దిగలేదు. ఎక్కువ జ్వరంలో కూడా ఈ మందు ఒంట్లో నిలిచిపోతుందని ఆసుపత్రిలో విన్నది గుర్తొచ్చి, ఆ రాత్రి గోలీ చేతిలో పట్టుకునే ఫోన్ చేశాను. ఈ పూట ఆపండి, పీల్చే మందు మాత్రం ఆపొద్దు, పొద్దున వచ్చి కనిపించండి అన్నారు. గోలీని మళ్లీ డబ్బాలో వేసి పడుకున్నాను.