సింహాద్రి గిరి ప్రదక్షిణ: నూనెకుండ నడక

నిండు నెలల ఇల్లాలు నూనెకుండ మోస్తూ ఎంత నిదానంగా అడుగు వేస్తుందో ప్రదక్షిణ అంత నిదానంగా చేయాలని పెద్దల మాట. గుడి చుట్టూ మూడుసార్లు తిరిగేటప్పుడే మనకు అది గుర్తుండదు. విశాఖపట్నంలో సింహాచలం కొండ చుట్టూ నడిచే గిరి ప్రదక్షిణలో, ఆషాఢ శుద్ధ చతుర్దశినాడు, దాన్ని 32 కిలోమీటర్ల పొడవునా నిలబెట్టుకోవాలి.

ఆ కొండ మీది వరాహ నరసింహుడు ఏడాదంతా చందనం మాటునే ఉంటాడు. చందనం లేని నిజరూపం కనిపించేది వైశాఖ శుద్ధ తదియ ఒక్కరోజే. ఆ రాత్రే మొదటి విడతగా మూడు మణుగుల చందనం సమర్పిస్తారు. వైశాఖ, జ్యేష్ఠ పౌర్ణములకు మరో రెండు విడతలు, ఆఖరిది ఆషాఢ పౌర్ణమికి. అంటే చతుర్దశినాడు బయల్దేరినవాళ్లు రాత్రంతా నడిచి వచ్చేది స్వామికి పన్నెండు మణుగులూ నిండే రోజుకి. నిజరూపం కోసం పడే ఆరాటంలో సగమైనా ఈ రోజు మీద ఉంటే బాగుండు!

కొండ కింద మెట్ల మొదట ఉండే తొలి పావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, కొండను కుడిచేతి వైపు ఉంచుకుని కదులుతారు. అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక దాటి సముద్రతీరంలోని అప్పుఘర్ చేరేదాకా ఒంట్లో హుషారుంటుంది, గోవింద నామాల ఊపులో కాళ్లు పరుగెడతాయి. దెబ్బతినేది అక్కడే. సముద్రస్నానం అయ్యేసరికి ఇంకా సగానికి పైగా దారి మిగిలే ఉంటుంది. తడిబట్టతోనే నడక సాగిస్తే ఉప్పు, ఇసుక కలిసి తొడలు ఒరుసుకుపోతాయి, వేళ్ల సందుల్లో ఇసుక బొబ్బలు లేపుతుంది. మంచినీళ్లతో పాదాలు కడిగి, సందులన్నీ తుడుచుకుని, పొడిబట్ట కట్టుకోవాలి. ఒక పలచటి పంచె, చిన్న తువ్వాలు సంచిలో ఉంటే చాలు.

దారి పొడవునా పులిహోర, మజ్జిగ పెడుతూనే ఉంటారు. కాదనకూడదని ప్రతిచోటా తింటే ఇసుకతోట దాటకముందే కడుపు బరువెక్కి నిద్ర ముంచుకొస్తుంది. ప్రసాదం పిడికెడు చాలు, ఉప్పు వేసిన మజ్జిగ మాత్రం వదలొద్దు. చెమటతో పోయే ఉప్పు ఉత్త నీళ్లతో తిరిగి రాదు, మాధవధార వైపు పిక్కలు పట్టేయడానికి అలసటతో పాటు అదీ ఒక కారణం కావచ్చు. పట్టేస్తే కూలబడిపోకుండా కాలు చాపి, బొటనవేలిని తనవైపు లాక్కోవాలి.

గోపాలపట్నం నుంచి ప్రహ్లాదపురం మీదుగా మళ్లీ కొండ కిందికి చేరతారు. అప్పటికప్పుడు మెట్లెక్కే పంతం వద్దు, దర్శనానికి బస్సులో వెళ్లినా ప్రదక్షిణకు లోటేమీ లేదు. అసలు నడవలేని పెద్దలు కొండ మీద ఆలయం చుట్టూ తిరుగుతారు. నూనెకుండ నడక వాళ్లది చూసి నేర్చుకోవచ్చు.